దులపకూడని బూజు

తెలుగులో బూజు అన్న ఒకే మాటను రెండింటికి వాడతాం. మూలల్లో సాలీడు అల్లేదీ బూజే, తడి గోడ మీదా తోలు బెల్టు మీదా ఆవకాయ జాడీ అంచునా పుట్టేదీ బూజే. మొదటిది చీపురుతో దులిపితే పోతుంది. రెండోదాన్ని అలా దులిపితే ఒక మూలన ఉన్నది ఇల్లంతా పరుచుకుంటుంది. అది శిలీంధ్రం, దాని పైన కనిపించే నల్లటి పొడిలో లెక్కలేనన్ని సిద్ధబీజాలు, అంటే కొత్త బూజును మొలిపించే విత్తనాల్లాంటి కణాలు, ఉంటాయి. వాటిలో చాలావాటి పరిమాణం 2 నుంచి 10 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాబట్టి, గాలిలోకి లేచినవి అంత తొందరగా కిందికి దిగవు.

సిద్ధబీజాలు లేని ఇల్లు ఉండదు. అవి మొలకెత్తడానికి ఇంట్లో కొరవడేది తడి ఒక్కటే. ఆవకాయలో తడి గరిటె పెట్టనివ్వని పెద్దవాళ్లకు ఈ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పనక్కరలేకపోయింది: ఉప్పు తడిని పట్టి ఉంచుతుంది, పైన తేలే నూనె గాలిని ఆపుతుంది. గోడకు అలాంటి కాపలా లేదు. తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే దాని మీద బూజు మొదలవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అంతకాలం నానిన ఇటుక గోడ వత్తి నూనెను పీల్చినట్టు నీటిని పైకి లాగుతుంది. పైపొర ఆరినట్టు కనిపించినా లోపలి చెమ్మ వారాల తరబడి వదలదు.

వరదే రావాలని లేదు, వారం రోజులు ముసురు పట్టినా చాలు. గోడకు ఆనించిన బీరువాను జానెడు ముందుకు జరిపి చూడండి: గాలి ఆడని ఆ చోట, బీరువా ఆకారంలోనే, నల్లటి చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి, ముక్కవాసన గుప్పుమంటుంది. తెల్లగా పొక్కిన ప్రతిదీ మాత్రం బూజు కాదు. కొంచెం గీకి నీటి చుక్కలో వేస్తే కరిగిపోయేది గోడలోంచి ఊరిన ఉప్పు. అయితే అదీ చెమ్మ ఉందనే చెబుతుంది.

ఆరోగ్యం విషయానికొస్తే, చెమ్మ పట్టిన ఇళ్లలో ఉండేవారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం, శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో తేల్చింది. ఇంత బూజు వరకు ఫరవాలేదని చెప్పే హద్దును మాత్రం నిర్ణయించలేకపోయింది. ఉబ్బసం ఉన్న కొందరిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఊపిరితిత్తుల్లో మొండి అలర్జీ తెస్తుంది. కీమోథెరపీ తీసుకుంటున్నవారిలో, అవయవ మార్పిడి జరిగినవారిలో అదే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్‌గా మారవచ్చు. నల్ల బూజు అనగానే 2021 నాటి బ్లాక్ ఫంగస్ గుర్తొచ్చి హడలిపోయేవారున్నారు. అది వేరే జాతి శిలీంధ్రాల వల్ల, ముఖ్యంగా అదుపు తప్పిన మధుమేహం, స్టెరాయిడ్ల వాడకం తోడైనవారికి వచ్చిన జబ్బు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1990లలో పసిపిల్లల ఊపిరితిత్తుల్లో జరిగిన రక్తస్రావానికి స్టాకీబోట్రిస్ అనే నల్ల బూజే కారణమని మొదట అనుకున్నా, ఆ సంబంధం రుజువు కాలేదని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సిడిసి 2000లో ప్రకటించింది. అందుకే బూజు ఏ రంగుదని ఆరా తీయడం కంటే నీరు ఎక్కడి నుంచి వస్తోందో వెతకడమే నా దృష్టిలో తెలివైన పని. అది పగిలిన పైపు కావచ్చు, డాబా మీది బీట కావచ్చు, గదిలో తాళ్ల మీద ఆరేసిన బట్టలూ కావచ్చు.

ఆ దారి మూసిన తర్వాతే శుభ్రం చేయడం. ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని, సబ్బు నీటిలో తడిపిన గుడ్డతో తుడవాలి. ఉబ్బసం ఉన్నవారు ఆ గదిలో ఉండకూడదు. చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది కాబట్టి బ్లీచింగ్ నీళ్లు చల్లి రంగు పోయిందని వదిలేస్తే సరిపోదు. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిపితే విషవాయువు వెలువడుతుంది. వరదలో నానిన దూది పరుపు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇక అందరూ తొందరపడేది రంగుల దగ్గర. గోడ మీద మూరెడు ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు అంచులా టేపు అంటించి, ఒక రోజు తర్వాత ఊడదీసి చూడండి. గోడ వైపున నీటి బిందువులు పట్టి ఉంటే, పెయింటర్‌ను మరికొన్ని వారాలు ఆగమనండి.