ఘనా మార్చి 6: ఆ తేదీ వెనుక నూట పదమూడేళ్ల చరిత్ర

పశ్చిమాఫ్రికా దేశమైన ఘనా ఏటా మార్చి 6న స్వాతంత్ర్య దినోత్సవం జరుపుకుంటుంది. 1957లో ఆ రోజున బ్రిటిష్ పాలన ముగిసి, గోల్డ్ కోస్ట్ అనే వలసరాజ్యం ఘనాగా అవతరించింది. ఆ తేదీ అనుకోకుండా కుదిరింది కాదు. అంతకు సరిగ్గా 113 ఏళ్ల ముందు, 1844 మార్చి 6న, తీరప్రాంతంలోని ఫాంటే తెగ నాయకులు కొందరు బ్రిటిష్ అధికారులతో ఒక ఒడంబడికపై సంతకాలు చేశారు. హత్య, దోపిడీ వంటి నేరాల విచారణలో బ్రిటిష్ అధికారులకు పాత్ర ఉంటుందని అంగీకరించడమే అందులోని ముఖ్యాంశం. భూమిని గానీ సార్వభౌమాధికారాన్ని గానీ ఆ పత్రం ఎవరికీ ధారాదత్తం చేయలేదు. అయినా దాన్ని ఆసరా చేసుకుని పెరిగిన పెత్తనం 1874 నాటికి తీరాన్ని పూర్తిస్థాయి వలసగా మార్చింది. లోతట్టున ఉన్న అసాంటే రాజ్యం 1900లో ఎజిసు రాజమాత యా అసాంటెవా నాయకత్వంలో చివరిసారిగా తిరగబడి ఓడిపోయింది. ఆమెను హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవులకు పంపివేశారు.

వలస ఆదాయానికి కోకో పంట వెన్నెముక. దాని ధరను నిర్ణయించే శక్తి మాత్రం పండించే రైతుకు లేదు. 1937-38లో యూరోపియన్ కంపెనీలు కూడబలుక్కుని కొనుగోలు ధరను అణచివేసినప్పుడు రైతులు అమ్మకాలు నిలిపివేశారు. యుద్ధానంతరం కోకో తోటలకు తెగులు సోకితే, ప్రభుత్వం చెట్లను నరికించడం పల్లెల్లో ఆగ్రహం రేపింది. పట్టణాల్లో దిగుమతి సరుకుల ధరలు మండిపోతుండగా, 1948 జనవరిలో ‘గా’ అనే తెగ నాయకుడు నీ క్వాబెనా బొన్నే పిలుపుతో విదేశీ దుకాణాల బహిష్కరణ మొదలైంది.

స్వాతంత్ర్యోద్యమాన్ని నిజంగా మలుపు తిప్పిన రోజు 1948 ఫిబ్రవరి 28 అని చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో జపాన్ సేనలతో పోరాడి వచ్చిన మాజీ సైనికులు, తమకు రావలసిన పింఛన్లు, ఉద్యోగాల గురించి గవర్నరుకు వినతిపత్రం ఇవ్వడానికి రాజధాని అక్రాలో ఊరేగింపుగా బయలుదేరారు. వాళ్ల చేతుల్లో ఆయుధాల్లేవు. గవర్నరు నివాసమైన క్రిస్టియన్‌బోర్గ్ కోటకు వెళ్లే కూడలి వద్ద పోలీసులు అడ్డుకున్నారు. బ్రిటిష్ పోలీసు అధికారి కోలిన్ ఇమ్రే తన సిబ్బందిలో ఒకరి తుపాకి అందుకుని స్వయంగా కాల్చాడు. సార్జెంట్ అజెటీ, కార్పొరల్ అటిపో, ప్రైవేట్ ఒడార్టే లాంప్టే నేలకొరిగారు. సామ్రాజ్యం కోసం ప్రాణాలకు తెగించి పోరాడినవారిని ఆ సామ్రాజ్యమే బలిగొనడం జనం సహించలేకపోయారు. అల్లర్లు రోజుల తరబడి సాగాయి. 29 మంది చనిపోయారు. నాయకులైన క్వామే ఎన్‌క్రుమా, జె.బి. డాంక్వా తదితర ఆరుగురిని నిర్బంధించారు. అనంతరం విచారణ జరిపిన వాట్సన్ కమిషన్, రాజ్యాంగ సంస్కరణ తప్పదని తేల్చింది.

డాంక్వా వర్గం నెమ్మదిగా నడవాలనుకుంది. ఎన్‌క్రుమా ఆగలేకపోయాడు. 1949 జూన్‌లో కన్వెన్షన్ పీపుల్స్ పార్టీని స్థాపించి ‘ఇప్పుడే స్వయంపాలన’ అన్న నినాదంతో జనంలోకి వెళ్లాడు. 1950 జనవరిలో, గాంధీజీ పద్ధతిని ఆదర్శంగా తీసుకుని సమ్మెలు, బహిష్కరణలతో ‘పాజిటివ్ యాక్షన్’ పేరిట ఆందోళన నడిపి జైలుపాలయ్యాడు. జైల్లో ఉండగానే 1951 ఎన్నికల్లో అక్రా సెంట్రల్ స్థానంలో పోలైన 23,122 ఓట్లలో 22,780 ఓట్లు గెలుచుకున్నాడు. గవర్నరు అతన్ని విడుదల చేసి ప్రభుత్వ బాధ్యత అప్పగించక తప్పలేదు.

అక్కణ్నుంచి దారి సాఫీగా సాగిందని చెప్పలేం. కోకో ధరను ప్రభుత్వం కట్టడి చేయడంతో కుపితులైన అసాంటే రైతులు, నాయకులు 1954లో సమాఖ్య వ్యవస్థ కావాలంటూ ఉద్యమించారు. అసాంటే రాజధాని కుమాసిలో హింస చెలరేగింది. మరోసారి ఎన్నికలు జరిగితేనే స్వాతంత్ర్యమని బ్రిటన్ షరతు పెట్టింది. 1956 ఎన్నికల్లో ఎన్‌క్రుమా పార్టీ 104 స్థానాల్లో 71 గెలిచింది.

1957 మార్చి 5 అర్ధరాత్రి అక్రాలోని పాత పోలో మైదానంలో కిక్కిరిసిన జనం ముందు ఎన్‌క్రుమా, అతని సహచరులు ఉత్తర ఘనా సంప్రదాయ చొక్కాలు ధరించి వేదికనెక్కారు. జైలుకెళ్లి వచ్చినందుకు గుర్తుగా ‘పి.జి.’ (ప్రిజన్ గ్రాడ్యుయేట్, అంటే జైలు పట్టభద్రుడు) అక్షరాలున్న టోపీలు పెట్టుకున్నారు. ఆఫ్రికా సంపూర్ణ విముక్తితో ముడిపడకపోతే తమ స్వాతంత్ర్యానికి అర్థం లేదని ఎన్‌క్రుమా ఆ వేళ ప్రకటించాడు. అమెరికా నుంచి మార్టిన్ లూథర్ కింగ్ దంపతులు వచ్చి ఆ వేడుకలు చూశారు. బ్రిటిష్ పతాకం దిగిన చోట థియొడోసియా ఒకో రూపొందించిన ఎరుపు, బంగారు, ఆకుపచ్చ రంగుల జెండా, నడుమ నల్ల నక్షత్రంతో ఎగిరింది.

నేటికీ వేడుకలో ప్రధానమైనవి సాయుధ దళాల కవాతు, పాఠశాల పిల్లల కవాతు. 1961లో నిర్మించిన బ్లాక్ స్టార్ స్క్వేర్ దీనికి చిరకాల వేదిక. కొన్నేళ్లుగా ఉత్సవాన్ని ప్రాంతాలకూ తీసుకెళ్తున్నారు. 2019లో తమాలే, 2020లో కుమాసి ఆతిథ్యమిచ్చాయి. 2025లో ఖర్చు తగ్గించి అధ్యక్ష భవనం వద్దే జరిపారు. ఏటా ఈ వేడుకకు సుమారు వారం ముందు, ఫిబ్రవరి 28న ఆనాటి ముగ్గురు సైనికులకు పుష్పాంజలి ఘటిస్తారు. స్వాతంత్ర్యానికి మూలపురుషుడు ఎన్‌క్రుమా ఒక్కడేనా, డాంక్వా వంటివారికీ అందులో వాటా ఉందా అన్న తగవు మాత్రం తెగలేదు. మూలపురుషుల దినం ఎన్‌క్రుమా పుట్టినరోజైన సెప్టెంబర్ 21 నుంచి 2019లో ఆగస్టు 4కి మారి, 2025లో ప్రభుత్వం మారాక మళ్లీ సెప్టెంబర్‌కే వచ్చింది.