డీన్‌తో ఒక్క మాట చెప్పిస్తే సీటు వస్తుందా? అమెరికా మెడికల్ స్కూళ్ల పాలన: అపోహలు - వాస్తవాలు

"మీరు అక్కడే ప్రొఫెసర్ కదండీ, డీన్‌గారి చెవిన ఒక్క మాట వేయండి." అడ్మిషన్ల కాలం వచ్చిందంటే నాకు ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి. అమెరికాలో ఒక మెడికల్ స్కూల్లో పాఠాలు చెబుతాను, రోగుల్ని చూస్తాను, రెండు విడతలు ఫ్యాకల్టీ సెనేట్‌లో (అధ్యాపకుల ప్రతినిధి సభలో) పనిచేశాను. ఆ ఒక్క మాట ఎందుకు చెల్లదో ఫోన్లో చెబితే ఎవరూ నమ్మడం లేదు, అందుకే రాస్తున్నాను.

అపోహ: డీన్ తలచుకుంటే సీటు ఇప్పించగలరు.

వాస్తవం: ఇక్కడ ఎండీ (మన ఎంబీబీఎస్‌లా మొదటి వైద్య డిగ్రీ) కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ ఎల్‌సీఎంఈ. ఎవరిని చేర్చుకోవాలన్న తుది నిర్ణయం అడ్మిషన్ కమిటీదేనని దాని ప్రమాణాల్లో 10.2 చెబుతుంది. ప్రతి సమావేశంలోనూ ఓటున్నవాళ్లలో ఎక్కువమంది అధ్యాపకులే ఉండాలి. రాజకీయ ఒత్తిడి, డబ్బు పనిచేయకూడదు. 2008లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ వైద్య కళాశాల డీన్ కమిటీని కాదని ఒక విద్యార్థికి సీటిచ్చారు. పెద్ద గొడవైంది. అదే ఏడాది ఆయన్ని పదవి నుంచి తప్పించారు. కారణం అదొక్కటేనని నేననను.

నీట్ ర్యాంకులు, కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా చూసి పెరిగినవాళ్లం. పాఠం చెప్పేవాళ్లే విద్యార్థిని ఎంచుకుంటారంటే వింతగానే ఉంటుంది. నేను కమిటీలో ఉన్న ఏడాదే మా అక్క కూతురు దరఖాస్తు పెట్టింది. తన పేరు వచ్చినప్పుడు లేచి బయట వరండాలో నిలబడ్డాను. సీటు రాలేదు. లోపలే ఉండి కాఫీ తాగుతూ కూర్చున్నానని అక్క ఇప్పటికీ అంటుంది.

అపోహ: అధ్యాపకులు, యాజమాన్యం కలిసి నడిపే ఉమ్మడి పాలన అంటే అన్నిటికీ అందరూ ఓటేయడం.

వాస్తవం: కాదు, ఇది పంపకం. అమెరికా ప్రొఫెసర్ల సంఘం, మరో రెండు సంస్థలు కలిసి 1966లో తయారుచేసిన ప్రకటన ఈ పంపకానికి ఆధారం. ఏం బోధించాలి, ఎలా బోధించాలి, పరిశోధన, అధ్యాపకుల నియామకాలు, ప్రమోషన్లు: వీటిలో ప్రధాన బాధ్యత అధ్యాపకులది. పైవాళ్లు కాదనవచ్చు, కానీ అరుదుగా, అదీ కారణం చెప్పి. కారణం చెప్పాల్సి వస్తుందని తెలిస్తేనే చాలామంది పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

ఈ పంపకం మనకే ఎదురుతిరిగే రోజూ వస్తుంది. 2022 జనవరిలో స్టెప్ 1 పరీక్షకు (డాక్టర్ లైసెన్సు కోసం రాసే పరీక్షల్లో మొదటిది) మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఉంచారు. ఆ తర్వాత మా కరికులమ్ కమిటీ పాఠాలను మళ్లీ సర్దింది, నా సబ్జెక్టుకు గంటలు తగ్గాయి. డీన్ దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాను. "కమిటీకి చెప్పుకోండి" అన్నారు. చెప్పుకున్నాను, ఓటింగ్‌లో ఓడిపోయాను.

అపోహ: మనం క్లినికల్ డాక్టర్లం, సెనేట్‌తో మనకేం పని?

వాస్తవం: ఈ మాట ఎక్కువగా మన తెలుగు డాక్టర్ల నోటే వింటాను. ఇందులో సగం నిజముంది. మన జీతంలో పెద్ద భాగం రోగుల్ని చూస్తేనే వస్తుంది. చేసిన పనిని ఆర్‌వీయూల్లో (వైద్యసేవకు విలువ కట్టే యూనిట్లలో) కొలుస్తారు, కమిటీలో కూర్చున్న గంటకు ఆర్‌వీయూ సున్నా. క్లినిక్‌లో రోజుకెంతమందిని చూడాలో ఆసుపత్రి యాజమాన్యం తేలుస్తుంది, సెనేట్ మాట అక్కడ పెద్దగా చెల్లదు. టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హామీ) వచ్చినా చాలాచోట్ల మొత్తం జీతానికి హామీ ఉండదు.

కానీ రోగి మంచం పక్కన విద్యార్థులకు నేర్పిన గంటలు ప్రమోషన్‌కు లెక్కకొస్తాయా రావా అన్నది అధ్యాపకుల కమిటీలోనే నలుగుతుంది. మనం వెళ్లకపోతే పరిశోధన పేపర్లు లెక్కబెట్టేవాళ్లే ఆ నియమాలు రాస్తారు. మా దగ్గర సమావేశాలు మధ్యాహ్నం పన్నెండింటికి ఉండేవి, సర్జన్లు ఒక్కరూ వచ్చేవారు కాదు. సాయంత్రం ఐదున్నరకు జూమ్‌లో పెట్టాక ఇద్దరు ముగ్గురు ఆపరేషన్ థియేటర్ టోపీలతోనే కనబడసాగారు. ఆ ఏడాదే ప్రమోషన్ నియమాల్లో బోధనకు విడిగా చోటు దొరికింది.

అపోహ: అధ్యాపకుల అవిశ్వాస తీర్మానం నెగ్గితే డీన్ దిగిపోవాలి.

వాస్తవం: ఇది శాసనసభ కాదు. మామూలుగా ఆ ఓటు ఎవరినీ కట్టిపడేయదు. డీన్‌ను నియమించిన పైవాళ్లకు తలనొప్పి మాత్రం అవుతుంది.

కొత్తగా చేరబోయేవాళ్లు జీతం, వీసా గురించి వంద ప్రశ్నలు అడుగుతారు. ఫ్యాకల్టీ బైలాస్ (అధ్యాపకుల పాలన నియమావళి) కూడా అడిగి తీసుకోండి. కమిటీ సభ్యులను "డీన్ నియమిస్తారు" అని ఉందా, "అధ్యాపకులు ఎన్నుకుంటారు" అని ఉందా చూడండి. మా దగ్గర ఒక్క కమిటీలో ఆ ఒక్క మాట మార్చడానికి మూడేళ్లు పట్టింది.