కవ్వం చదివాడు కానీ... (చిన్నపిల్లల మాటలు, చదువు: అపోహలు - వాస్తవాలు)

ఒకటో తరగతికి పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. జూన్‌లో బడి తెరవగానే తల్లిదండ్రులు అడిగేవి మాత్రం ఏటా అవే.

అపోహ: అక్షరాలన్నీ వచ్చాకే చదవడం మొదలుపెట్టాలి.

అ నుంచి ఱ దాకా, ఆ తర్వాత గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు. నేనూ అలాగే చదువుకున్నాను, మొదటి రెండేళ్లు అలాగే చెప్పాను. పిల్లలు ఏడాదంతా పలక మీద దిద్దారు, ఒక్క మాటా చదవలేదు. ఇప్పుడు త, ల, వ, క, ప, డ, ఈ ఆరింటితో మొదలుపెడతాను. తల, వల, కల, పడవ, పలక, పడక. కడప కూడా వస్తుంది, అది ఊరి పేరని చెబితే నవ్వుతారు. ఌ ఉన్న మాట ఇన్నేళ్లలో ఒక్క పిల్లల పుస్తకంలోనూ నాకు కనబడలేదు, దానికేం తొందర? ఒకదానిలా ఒకటి ఉండే వ-మ, ప-ష-ఘ మాత్రం ఒకే వారంలో పెట్టను.

అపోహ: గడగడా చదివితే చదవడం వచ్చినట్టే.

నిరుడు ఒక పాప పాఠమంతా వేలు పెట్టి చదివింది. వాళ్లమ్మ మురిసిపోయింది. వేలు మూడో లైన్లో ఉంది, నోరు ఐదో లైన్లో ఉంది. మధ్యలో ఒక మాట చూపించి ఇదేంటమ్మా అంటే మళ్లీ మొదటి నుంచి అందుకుంది. పూర్తిగా బట్టీ.

ఇంకొకడు ‘కవ్వం’ అన్న మాటను కూడబలుక్కుని తప్పు లేకుండా చదివాడు.

“అంటే ఏంట్రా?”

“తెల్వది టీచర్.”

వాళ్లింటికి పెరుగు ప్యాకెట్‌లో వస్తుంది మరి. పక్కన కూర్చున్న పాప రెండు చేతులూ తిప్పి “మా నానమ్మ చల్ల చిలుకుతది” అని చూపించింది. మర్నాడు ఆ మాటను ఆ పాప చూడగానే చదివేసింది, వాడు మళ్లీ కూడబలుక్కున్నాడు. చెవికి తెలిసిన మాటను కన్ను తొందరగా పట్టుకుంటుంది.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు బాగా రావాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలి. అందరూ ఆ 60 పట్టుకుని ఫోన్‌లో టైమర్ పెడుతున్నారు. అర్థం చేసుకుంటూ చదవాలని కూడా అందులోనే ఉంది.

అపోహ: మాకే చదువు రాదు, మేమేం నేర్పుతాం?

ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. బియ్యం చెరిగేటప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. చేట, నూక, తవుడు, పొట్టు, చెరగడం, ఏరడం: ఒక్క పూటలో ఎన్ని మాటలు! “ఇవి నూకలెట్లయినయి?” అని అడగండి, ఏదో ఒక కారణం చెబుతుంది. “అది” అని వేలు చూపిస్తే వెంటనే అందించేయకండి. గిన్నెనా, గరిటెనా అని అడిగి, కాస్త ఆగండి.

ఇంటి మాట మొరటు అనుకోకండి. మా పిల్లలు మక్కలు అంటారు, పుస్తకంలో మొక్కజొన్న ఉంటుంది. రెండూ బోర్డు మీద రాస్తాను. ఇంటి మాట తప్పంటే పిల్ల నోరు మూసుకుంటుంది.

అపోహ: ఫోన్‌లో రైమ్స్ పెడితే మాటలు తొందరగా వస్తాయి.

2003లో అమెరికాలో పాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనా వాళ్ల మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో చూపిస్తే పట్టుకోలేకపోయారు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీరు పక్కన కూర్చుని కలిసి పాడితే అది వేరే సంగతి.

అపోహ: వస పోస్తే మాటలొస్తాయి, మగపిల్లలకు ఎలాగూ ఆలస్యమే.

వసకొమ్ము తేనెలో అరగదీసి నాకించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టొద్దని డాక్టర్లు చెబుతారు. రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి అనకపోతే “వాళ్ల నాన్నకూ లేటే” అని సరిపెట్టుకోకుండా ముందు చెవి పరీక్ష చేయించండి. మా తరగతిలో ఒకడికి మొండివాడని పేరు పడింది, పిలిస్తే పలకడని. పరీక్ష చేయిస్తే ఎడమ చెవి సరిగా వినబడదని తేలింది. కుడి చెవి నా వైపు ఉండేలా ముందు వరసలో కూర్చోబెట్టాను.