“మా వంశకర్త డచ్ గవర్నర్ అండి”: అపోహలు – వాస్తవాలు

కాకినాడ నుంచి ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఫోన్ చేశారు. ఆంగ్లో ఇండియన్ కుటుంబం, తెలుగు నాకంటే చక్కగా మాట్లాడతారు. “మా వంశకర్త డచ్ గవర్నర్ అండి. హాలండ్ నుంచి వచ్చాడట. రాచకుటుంబం అని మా నాయనమ్మ చెప్పేది. ఇంటిపేరులో ‘ఫాన్’ ఉంది, చూశారుగా?” అన్నారు.

నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఉంటూ ఇలాంటి కుటుంబాల పాత కాగితాలు తవ్వడమే నా పని. ఆయన చెప్పిన ఆ నాలుగు ముక్కలూ నాకు వారానికోసారైనా వినపడతాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పేరులో ‘ఫాన్’ ఉంటే జమీందారీ వంశం.

వాస్తవం: జర్మన్ పేర్లలో తరచు పెద్ద వంశానికి గుర్తుగా కనిపించే ‘ఫోన్’ (von)తో కలిపేసుకోవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. డచ్చిలో ‘ఫాన్’ అంటే ‘ఫలానా చోటి నుంచి’ అని మాత్రమే. ఫాన్ డైక్ అంటే కరకట్ట దగ్గరివాడు. మన దగ్గర ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు లేవా? అదే సంగతి. ఒక చిన్న చిట్కా: నెదర్లాండ్స్ సూచికల్లో ఫాన్ డైక్ పేరును ‘డి’ కింద వెతకాలి, పక్కనున్న బెల్జియంలో అయితే ‘వి’ కింద. ఇది తెలియక “మా పేరే లేదు” అని వెనక్కి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది, చెప్పడానికి అంత హాయిగా ఉండదు. డచ్చివాళ్లు మన తీరం నుంచి మనుషుల్ని బానిసలుగా కొని బటావియాకు (ఇప్పటి జకార్తా), సిలోనుకు (శ్రీలంక), దక్షిణాఫ్రికాలోని కేప్‌కు ఓడల్లో తరలించారు. అక్కడి దస్తావేజుల్లో ఆ మనుషులకు ఇంటిపేరు ఉండదు, ఎక్కడి నుంచి తెచ్చారో ఆ చోటే పేరు అయ్యేది. ఫాన్ బెంగాలెన్, ఫాన్ కోరమండల్, ఇలా. దక్షిణాఫ్రికాలోని స్నైమన్ కుటుంబాల మూలతల్లి పేరు కాథరీనా ఫాన్ పలియకట్టా. పలియకట్టా అంటే మన పులికాట్. కాబట్టి పేరులో ‘ఫాన్’ చూడగానే కిరీటం ఊహించుకోకండి, కొన్నిచోట్ల దాని వెనక సంకెళ్లుంటాయి.

అపోహ: డచ్ కంపెనీలో వచ్చాడంటే డచ్చివాడే, అందులోనూ పెద్ద అధికారే.

వాస్తవం: డచ్ ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టి 1799 చివరికి ముగిసింది. ఆ రెండు వందల ఏళ్లలో దాదాపు 10 లక్షల మంది దాని ఓడలెక్కి ఆసియా వైపు వచ్చారు. వాళ్లలో సగం మంది దాకా డచ్చివాళ్లు కానేకాదు. జర్మన్ పల్లెల నుంచి, స్కాండినేవియా నుంచి పని వెతుక్కుంటూ ఆమ్‌స్టర్‌డామ్ చేరినవాళ్లు. మచిలీపట్నంలో వలందపాలెం అని ఇప్పటికీ అంటాం, హాలండ్ వాళ్ల పేటని. ఆ వలందాల్లో జర్మన్లు ఎంతమంది ఉండి ఉంటారో ఊహించుకోండి.

ఇక అధికారం సంగతి. మామూలు సిపాయి జీతం నెలకు 9 గిల్డర్లు (అప్పటి డచ్ నాణెం). ఓడెక్కే లోపు తిండికీ గదికీ అప్పు పెట్టిన సత్రం యజమాని చేతికి కంపెనీ ఒక అప్పుపత్రం ఇచ్చేది, అది 150 గిల్డర్ల దాకా ఉండేది. లెక్కేసుకోండి, పదహారు నెలల జీతం పైమాటే. ఆ పత్రాలు కొని అమ్మేవాళ్లను జనం ‘ఆత్మలమ్మేవాళ్లు’ అని తిట్టుకునేవారు.

ఇదంతా ఎలా తెలుస్తుందంటారా? ఓడల జీతాల పుస్తకాలున్నాయి. మన షావుకార్ల ఆవర్జా లాంటివే. మనిషికి రెండు పేజీలు: ఎడమ పక్క అప్పు, కుడి పక్క జమ. పేరు, సొంత ఊరు, హోదా, ఓడ, కంపెనీ ఆరు శాఖల్లో ఏ శాఖ తరఫున వచ్చాడు అన్నీ ఉంటాయి. చివర అతని కథ ఎలా ముగిసిందో కూడా: చనిపోయాడు, తిరిగొచ్చాడు, పారిపోయాడు. 18వ శతాబ్దపు పుస్తకాలు చాలావరకు హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో పేరుతో వెతకొచ్చు, పేజీ ఫొటో కూడా చూడొచ్చు. నాకైతే ఒక మనిషి జీవితం గురించి ఇంతకంటే నిజాయితీ గల కాగితం ఇంకోటి లేదనిపిస్తుంది. గుమాస్తాకు మన తాతను పొగడాల్సిన పని లేదు మరి.

అపోహ: భీమిలి, మచిలీపట్నం డచ్ సమాధుల మీద పేరు లేదంటే ఆయన ఇక్కడికి రానట్టే.

వాస్తవం: చెక్కిన రాయి పెట్టించుకోగలిగింది అధికారులు, వర్తకులు, వాళ్ల భార్యాబిడ్డలు. తొమ్మిది గిల్డర్ల సిపాయికి రాయి ఎవరు పెడతారు?

అపోహ: నెపోలియన్ బలవంతం చేస్తే డచ్చివాళ్లు వెక్కిరింతగా పిచ్చిపిచ్చి పేర్లు పెట్టుకున్నారు.

వాస్తవం: ఈ కథ నెదర్లాండ్స్‌లో పిల్లలకు కూడా తెలుసు. ‘నాక్ట్‌ఖెబోరెన్’ అనే ఇంటిపేరును ఉదాహరణగా చెబుతారు. చూడ్డానికి ‘బట్టల్లేకుండా పుట్టినవాడు’ అన్నట్టుంటుంది. కానీ ఆ పేరు నెపోలియన్ పుట్టకముందే ఉంది. తండ్రి పోయాక పుట్టినవాడు అనే అర్థమున్న జర్మన్ మాట అలా మారిందంటారు. నెదర్లాండ్స్ నెపోలియన్ ఏలుబడిలో ఉన్నప్పటి, 1811 ఆగస్టు 18 నాటి ఉత్తర్వు మాత్రం నిజమే: ఇంటిపేరు లేనివాళ్లు ఒకటి నమోదు చేయించుకోవాలి. అప్పటికే దేశపు పడమటి భాగమైన హాలండ్ ప్రాంతంలో చాలామందికి ఇంటిపేర్లున్నాయి. ఉత్తర్వు ఎక్కువగా తగిలింది ఫ్రీస్‌లాండ్, ఖ్రోనింగెన్ లాంటి ఉత్తరాది వాళ్లకు.

అంతకుముందు వాళ్లు తండ్రి పేరుతోనే నెట్టుకొచ్చారు. యాన్ కొడుకు పీటర్ అయితే పీటర్ యాన్స్‌జోన్. ఆ పీటర్ కొడుకు క్లాస్ అయితే క్లాస్ పీటర్స్‌జోన్. తరం మారితే పేరు మారిపోతుంది. యాన్స్‌జోన్ అనే ‘ఇంటిపేరు’ పట్టుకుని నాలుగు తరాలు వెనక్కి వెళ్లానని మురిసిపోయే వంశవృక్షాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. అందులో సగం పక్కింటివాళ్ల చరిత్ర. అందుకే నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకూ మొదట చెప్పేది: పేరు వెంట పడకండి, ఊరు వెంట పడండి. ఊరు దొరికితే పేరు అదే వస్తుంది.

ఒక్క సదుపాయం ఉంది. డచ్ దస్తావేజుల్లో పెళ్లయినా ఆడవాళ్ల పేరు మారదు, పుట్టింటి పేరే రాస్తారు. తల్లుల వైపు వెతకడం ఇంగ్లీషు రికార్డుల్లో కంటే ఇక్కడ హాయి.

అపోహ: పుట్టిన, చనిపోయిన తేదీలు దొరికితే పని అయిపోయినట్టే.

వాస్తవం: తేదీలు మాత్రమే కావాలనుకునేవాళ్లతో నాకు పేచీ. చాలా ప్రాంతాల్లో 1811 నుంచి ప్రభుత్వ నమోదు మొదలైంది, దానికి ముందు చర్చి పుస్తకాలే గతి. ఈ ప్రభుత్వ నమోదులో పెళ్లికి జతచేసిన కాగితాల కట్ట ఒకటుంటుంది, దాన్ని వదలకండి. వధూవరుల బాప్తిజం నకళ్లు, తల్లిదండ్రుల మరణపత్రాలు, కొన్నిసార్లు తాతలవి కూడా ఉంటాయి. పెళ్లికొడుకు సైనిక పత్రంలోనైతే ఎత్తు, నుదురు, ముక్కు, గడ్డం, జుట్టు రంగు రాసి ఉంటాయి. ఫొటోలు లేని కాలపు మనిషి ముఖం అది. ఆ కాగితం చూసి ఏడ్చిన వాళ్లున్నారు.

ఇటీవలి రికార్డులు మాత్రం వెంటనే చూపించరు. పుట్టుక 100 ఏళ్లు, పెళ్లి 75, మరణం 50 ఏళ్లు దాటాలి.

అపోహ: రికార్డులు కాలిపోయాయి, ఇక దారి లేదు.

వాస్తవం: 1940 మే 17న, రెండో ప్రపంచయుద్ధంలో, నెదర్లాండ్స్‌లోని జీలండ్ రాష్ట్రపు ముఖ్యపట్టణం మిడిల్‌బర్గ్ తగలబడినప్పుడు జీలండ్ చర్చి పుస్తకాలు చాలావరకు పోయాయి, నిజం. కానీ కంపెనీ జీలండ్ శాఖ జీతాల పుస్తకాలు హేగ్‌లో ఉన్నాయి. ఒక బీరువా కాలితే ఇంకో బీరువా తెరవాలి.

డీఎన్ఏ పరీక్ష గురించి కూడా అడుగుతారు. నెదర్లాండ్స్‌కూ ఉత్తర జర్మనీకీ తేడా అది సరిగా చెప్పలేదు. దూరపు బంధువును పట్టుకోవడానికి పనికొస్తుంది, ఊరు చెప్పదు.

మళ్లీ కాకినాడ పెద్దాయన దగ్గరికి వద్దాం. వాళ్లింట్లో పాత బైబిల్ మొదటి పేజీలో ఒక ఓడ పేరు రాసి ఉంది. దాన్నిబట్టి జీతాల పుస్తకం పట్టుకున్నాం. గవర్నర్ కాదు, సిపాయి. హాలండ్ కాదు, జర్మనీలో ఓస్నాబ్రూక్ దగ్గరి పల్లె. ఫోన్లో చెబితే కాసేపు మాట్లాడలేదు.

“జీతమెంత సార్?”

“తొమ్మిది గిల్డర్లండి. అందులో ఏటా మూడు నెలల జీతం ఇంటికి పంపమని రాయించాడు. అంతకంటే ఎక్కువ పంపడానికి కంపెనీ ఒప్పుకునేది కాదు.”

“ఎవరికి?”

“వాళ్లమ్మకి. పేరు కూడా ఉంది.”

ఆమె పేరు అక్షరం అక్షరం చెప్పించుకుని రాసుకున్నారు. ఇప్పుడు ఆ పల్లె చర్చికి జర్మన్‌లో ఒక ఉత్తరం రాసిపెట్టమని అడిగారు. మొన్ననే పోస్ట్ చేశాను.