మొరాయించిన బండి: ఎక్కడి నుంచి వెతకాలి?

పెట్రోలు ఇంజిన్ మండాలంటే మూడు అమరాలి: తగిన పాళ్ళలో కలిసిన గాలీ పెట్రోలూ, ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కిపట్టే కంప్రెషన్, సరైన క్షణంలో దాన్ని అంటించే నిప్పురవ్వ. ఈ సంగతి తెలిసినవారు కూడా బండి మొరాయించగానే సెల్ఫ్ బటన్‌ను వదలకుండా నొక్కుతారు, లేదా చెమటలు పట్టేదాకా కిక్ కొడతారు. దానివల్ల లోపం బయటపడదు సరికదా, మిగిలిన కాస్త ఛార్జీ పోయి, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ పెట్రోలుతో తడిసి, ఒక లోపం ఉన్నచోట మూడు చేరతాయి. కాబట్టి బటన్ మీద నుంచి వేలు తీసి, బండి ఏ శబ్దం చేస్తోందో వినడంతోనే వెతుకులాట మొదలు కావాలి.

సెల్ఫ్ నొక్కినప్పుడు ఇంజిన్ తిరగకుండా ‘టక టక’మని మాత్రమే వినిపిస్తే, ఆ శబ్దం స్టార్టర్ రిలేది, అంటే బ్యాటరీ కరెంటును స్టార్టర్ మోటారుకు కలిపే స్విచ్‌ది. లైటుకు కొద్దిపాటి కరెంటు చాలు గాని, స్టార్టర్ మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. నీరసించిన బ్యాటరీలో అంతర్గత నిరోధం పెరిగి ఉంటుంది కాబట్టి, అంత కరెంటు లాగగానే వోల్టేజి కుప్పకూలి రిలే వదిలేస్తుంది. భారం తగ్గగానే వోల్టేజి లేచి రిలే మళ్ళీ పట్టుకుంటుంది. హారన్ మోగుతోంది గనుక బ్యాటరీ బాగానే ఉందనుకోవడం అందుకే పొరపాటు. నిండుగా ఛార్జీ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఏ భారమూ లేనప్పుడు మల్టీమీటరులో 12.6 వోల్టులకు కాస్త పైన చూపిస్తుంది. 12 దగ్గర ఉందంటే దాదాపు ఖాళీ అయినట్టే. బ్యాటరీ మంచిదే అయినా, దాని టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడో, వదులైన బోల్టో ఇదే లక్షణాన్ని చూపిస్తుంది గనుక, కొత్త బ్యాటరీ కొనేముందు అక్కడ చూడడం తప్పనిసరి. బ్యాటరీ చలికి దెబ్బతింటుందన్న మాట చల్లని దేశాలకు సరిపోతుంది గాని, విజయవాడలో దాని ఆయుష్షును తినేది ఎండ. వేడికి లోపలి పలకలు త్వరగా తుప్పు పడతాయి, వాడకుండా ఉంచినా ఛార్జీ తొందరగా దిగిపోతుంది. వేసవిలో జరిగిన ఈ నష్టం చాలాసార్లు ఆ తర్వాతి నెలల్లో, ఏదో ఒక ఉదయం బయటపడుతుంది.

ఇంజిన్ చురుగ్గా తిరుగుతూనే అంటుకోకపోతే, ఖర్చులేని తనిఖీలు ముందు చేయాలి: కిల్ స్విచ్, సైడ్ స్టాండ్, ట్యాంకులో పెట్రోలు, పాత బళ్ళలో పెట్రోలు ట్యాప్. 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న బీఎస్6 కాలుష్య ప్రమాణాల వల్ల ఇప్పటి బళ్ళలో చాలావరకు కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అలాంటి బండిలో తాళం తిప్పగానే ట్యాంకు లోపల పంపు రెండు మూడు సెకన్లు సన్నగా మూలగాలి. ఆ శబ్దం లేదంటే ప్లగ్ విప్పేముందు ఫ్యూజు చూడాలి. పంపుకీ ఇంజెక్టరుకీ కూడా కరెంటు కావాలి గనుక, బ్యాటరీ పూర్తిగా పడిపోయిన ఈ తరం బళ్ళను తోసి స్టార్ట్ చేయాలనుకుంటే చాలావరకు శ్రమే మిగులుతుంది.

ఆ తరువాత నిజమైన సాక్షి ప్లగ్. కాసేపు సెల్ఫ్ కొట్టాక విప్పిన ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు సిలిండరు దాకా రావడం లేదు. తడిసి పెట్రోలు వాసన వేస్తుంటే, రవ్వ పుట్టడం లేదు, లేదా పెట్రోలు మోతాదు మించింది. పొడి మసి పట్టి ఉంటే గాలి తక్కువై పెట్రోలు ఎక్కువవుతోందని, అంటే ఎయిర్ ఫిల్టర్ వైపు చూడమని అర్థం. మసి విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. పింగాణీ మీద అది పొరగా పట్టినప్పుడు, వోల్టేజిని పెంచే కాయిల్ పంపిన వేల వోల్టులు ప్లగ్ కొనల మధ్య మిల్లీమీటరులోపు ఉండే ఖాళీని దూకకుండా మసి దారిన జారిపోతాయి. ఇంకో మెలిక కూడా ఉంది. బయట పట్టుకుని చూసినప్పుడు నీలంగా మెరిసిన ప్లగ్ సిలిండరులో విఫలం కావచ్చు, ఎందుకంటే కంప్రెషన్ వల్ల చిక్కబడిన వాయువును చీల్చుకుని దూకడానికి చాలా ఎక్కువ వోల్టేజి కావాలి. అందుచేత అనుమానం ఉన్నచోట కొత్త ప్లగ్ వేసి చూడడమే చవకైన పరీక్ష. రవ్వ పరీక్షించేటప్పుడు ప్లగ్ లోహభాగం ఇంజిన్‌కు గట్టిగా ఆని ఉండాలి, దగ్గరలో పెట్రోలు ఆవిరి ఉండకూడదు.

పెట్రోలు రాకపోవడానికి ట్యాంకు మూత కూడా కారణం కావచ్చు. మూతలోని గాలి రంధ్రం పూడిపోతే, పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులో పీడనం తగ్గి ధార ఆగిపోతుంది. కొంతదూరం వెళ్ళి ఆగిన బండి, మూత తీయగానే ‘స్‌స్’మని గాలి పీల్చుకుని మళ్ళీ స్టార్ట్ అయితే దోషం అక్కడే. మూత చుట్టూ చేరిన వాన నీరు బయటికి పోయే సన్నని గొట్టం మూసుకుపోతే ఆ నీరు ట్యాంకులోకే దిగవచ్చు. ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిపిన ఇప్పటి ఈ20 పెట్రోలులో, ఆ ఇథనాల్ కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పెట్రోలు తోడుకునేది ఆ అడుగు నుంచే.

నీటి మాట వచ్చింది గనుక మునిగిన బళ్ళ గురించి చెప్పకుండా ఉండలేను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తినప్పుడు వీధుల్లో బళ్ళు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. అలాంటి బండికి సెల్ఫ్ కొట్టడం, గేరులో వేసి తోయడం రెండూ ప్రమాదమే. లెక్క చూడండి: 100 సీసీ ఇంజిన్‌లో కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ అడుగున ఉన్నప్పటి మొత్తం చోటుకూ, పైన ఉన్నప్పుడు మిగిలే చోటుకూ ఉన్న నిష్పత్తి) 10 అయితే, పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు సుమారు 11 సీసీలు మాత్రమే. అంతకన్నా కాస్త ఎక్కువ నీరు సిలిండరులో ఉంటే, గాలిలా నీరు కుదించుకోదు కాబట్టి పిస్టన్ మధ్యలోనే నిలిచిపోతుంది, ఆ బలమంతా పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగుతుంది. నీటిలో నడుస్తున్న బండి ఆగిపోయినా ఇదే ముప్పు.

చేయవలసింది ముందు బ్యాటరీ తీగ విప్పడం, తర్వాత ప్లగ్ తీసి కిక్‌ను చేత్తో మెల్లగా నొక్కి ఆ రంధ్రం గుండా నీటిని వెళ్ళగొట్టడం. ఎయిర్ ఫిల్టరు పెట్టె, సైలెన్సర్, ట్యాంకు ఖాళీ చేయాలి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే అందులో నీరు కలిసినట్టే; దాన్ని మార్చి, కాసేపు నడిపి, రంగు మళ్ళీ మారితే మరోసారి మార్చాలి. ఆ తర్వాత బండి నడిచినా వైర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఊడదీసి, కాంటాక్ట్ క్లీనరుతో కడిగి, ఆరబెట్టి బిగించాలి. వాటిలో చేరిన బురద తేమ నెలల తరబడి రాగిని తింటూనే ఉంటుంది, వాన పడని రోజున కూడా బండిని ఆపగలదు.