39 డిగ్రీలే కదా అనకండి

ఏప్రిల్‌లో వేసవి ప్రణాళిక మీటింగు పెడితే చాలు, కోస్తా మండలాల నుంచి వచ్చిన వాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు: "రెంటచింతల, రామగుండం అంటే సరే, మాకు 39 దాటదు, మాకెందుకండీ ఈ హడావుడి?" ప్రాణాల మీదకు తెచ్చేది ఈ మాటే.

ఫోన్‌లో కనిపించే డిగ్రీలు సగం కథే. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువైతే ఆ చెమట ఆరదు. 45 డిగ్రీలు, 15 శాతం తేమ ఉన్నచోట వెట్ బల్బ్, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే అంకె, 24 దగ్గర ఉంటుంది. 38 డిగ్రీలే అయినా తేమ 60 శాతం ఉంటే అది 31కి చేరుతుంది. పొడి ఎండ మంచిదని కాదు, ఉక్కపోతను తక్కువగా చూడొద్దనే నా గోల. వాతావరణ శాఖ వడగాలి లెక్కకు మైదానంలో కనీసం 40, తీరంలో 37 పెట్టింది, దానికి తోడు సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలి. 2010 మేలో అహ్మదాబాద్‌లో మామూలు కంటే 1,344 మంది ఎక్కువ చనిపోయారు. ఆ దెబ్బతోనే 2013లో అక్కడ వేడి ప్రణాళిక వచ్చింది, మరణాలనూ ఉష్ణోగ్రతలనూ పక్కపక్కన పెట్టి ఏ డిగ్రీకి ఏ హెచ్చరికో తేల్చుకున్నారు. వాళ్ల అంకెను తెచ్చి కాకినాడకు అతికిస్తే పనిచేయదు.

జేబులో ఉల్లిపాయ వడదెబ్బను ఆపదు. కారు డాష్‌బోర్డు 50 చూపించిందని ప్రభుత్వం దాస్తోందనకండి, వాతావరణ కేంద్రంలో థర్మామీటర్ నీడలో ఉంటుంది. రెడ్ అలర్ట్ చూసి టెన్షన్‌తో ఫోన్ చేసేవాళ్ల మీద మాత్రం నాకు విసుగు లేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఎవరికైనా భయమే.

ఇంకో మాట, ఎండలో తిరిగితేనే వడదెబ్బ అంటారు. రెండేళ్ల క్రితం ఒక రేకుల ఇంట్లో రాత్రి పదకొండుకి గదిలో వేడి 37 అని నా థర్మామీటర్ చూపించింది. మంచం మీద మామ్మగారు మాట తడబడుతూ, "గడప దాటలేదు బాబూ" అంటున్నారు. తడిగుడ్డలు కప్పి, 108కి ఫోన్ చేశాం, బతికారు. ఆ తర్వాతే మా ప్రణాళికలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతకు ఓ గడి చేర్చాం, ఒంటరి ముసలివాళ్ల తలుపు సాయంత్రం కూడా తట్టాలని ఆశా కార్యకర్తలకు చెప్పాం. మామ్మగారు మాత్రం మా కాగితాల కోసం ఆగకుండా మరుసటి వారమే రేకుల మీద తెల్లసున్నం కొట్టించుకున్నారు.