పంచదార చిలక ముక్కు ఎటువైపు?

చిట్టితల్లికీ, తనతో కలిసి స్టాంపులు కొట్టే స్నేహితులందరికీ తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన సంక్రాంతి కార్డు నిన్న అందింది. మూడు మెట్లు, తొమ్మిది బొమ్మలతో ఎంత ముద్దుగా ఉందో నీ కొలువు! అమ్మమ్మ దాన్ని దేవుడి గూటి పక్కనే పెట్టుకుంది. అన్నీ నీ డబ్బాలో పోగేసుకున్న రబ్బరు స్టాంపులతోనే కొట్టావట. మూలన ఉన్న పేరు మాత్రం పెన్సిలు రబ్బరు మీద నువ్వే చెక్కావు, అదేమో తిరగబడి పడింది. "సరిగ్గానే రాసి చెక్కాను తాతయ్యా, కాగితం మీదికి వచ్చేసరికి ఇలా ఎందుకైంది? నీళ్ళబొమ్మ చంకలో కుండ కూడా స్టాంపులో ఒక పక్కనుంటే కార్డులో ఇంకో పక్కకి పోయింది" అని అడిగావు. నీ వయసులో నాకు ఈ ప్రశ్న తట్టలేదు. తట్టి ఉంటే నేను చేసిన తప్పు చేసేవాణ్ణి కాదు. అది తర్వాత చెబుతాను.

ముందు పిన్ని పెళ్ళిలో నువ్వు తిన్న పంచదార చిలకల్ని గుర్తు తెచ్చుకో. వాటిని రెండు చెక్కల అచ్చులో పోస్తారు. మా అమ్మమ్మ ఆ చెక్కల్ని ముందు నీళ్ళలో నానబెట్టేది, పాకం అంటుకోకుండా. రెండిటినీ కలిపి దారంతో గట్టిగా కట్టి, సన్నటి సందులోంచి వేడి పాకం పోసేది. చల్లారాక దారం విప్పితే చిలక. అచ్చులో గుంట ఉన్నచోట చిలకకి ముక్కు పొడుచుకొస్తుంది. మిట్ట ఉన్నచోట చిలకకి పల్లం పడుతుంది. ఇంకో సంగతి. ఒక చెక్కని వెల్లకిలా పెట్టి చూడు. అందులో ముక్కు నీ కుడివైపున ఉందనుకో, అందులోంచి తీసిన చిలకని తిప్పి ఆ మొహం నీవైపు పెట్టుకుంటే ముక్కు ఎడమవైపుకి వచ్చేస్తుంది. అచ్చూ చిలకా ఎప్పుడూ ఎదురెదురుగానే ఉంటాయి. నీకెదురుగా కూర్చున్నప్పుడు నీ కుడిచెయ్యి వైపు నా ఎడమచెయ్యి ఉన్నట్టు.

రబ్బరు స్టాంపు కూడా ఒక చిలకే. నాకిది బాగా తెలుసు, ఎందుకంటే బెజవాడలో మా మేనమామకి చిన్న ప్రెస్సు ఉండేది, స్టాంపులు కూడా చేసేవాడు. 1968లో నాకు పదేళ్ళు. వేసవి సెలవులన్నీ అక్కడే. మామయ్య సీసం అక్షరాల్ని ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చి, చట్రంలో బిగించేవాడు. దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద వేసి నొక్కి, ఆరనిచ్చేవాడు. అదీ చిలకల చెక్క. అమ్మమ్మ నీళ్ళలో నానబెడితే, మామయ్య మెత్తటి పౌడరు చల్లేవాడు. రెండూ అంటుకోకుండా ఉండటానికే. పచ్చి రబ్బరు షీటు ముక్క దాని మీద పరిచి, వేడి ప్రెస్సులో పెట్టి మర తిప్పి బిగించేవాడు. కొద్దిసేపటికి కాలిన రబ్బరు వాసన, పౌడరు వాసన కలిసి వచ్చేవి. తీసి చూస్తే రబ్బరు మీద అక్షరాలు పైకి లేచి ఉండేవి. కత్తెరతో అంచులు కత్తిరించి, చెక్కపిడికి అంటించేవాడు.

ఇప్పుడు లెక్కపెట్టు. సీసం అక్షరం తిరగబడి ఉంటుంది. దాని మీంచి తీసిన అచ్చులో సరిగ్గా ఉంటుంది. అచ్చులోంచి వచ్చిన రబ్బరు మీద మళ్ళీ తిరగబడుతుంది. కాగితం మీద సరిగ్గా పడుతుంది. ప్రతిసారీ ఒకరికొకరు ఎదురు కూర్చుంటున్నారు, అంతే. నువ్వు రబ్బరు మీద సరిగ్గా రాశావు కాబట్టి కాగితం దాన్ని ఎదురు కూర్చుని చూసింది.

పాకం చిలకకీ రబ్బరు చిలకకీ ఒక్కచోట పొంతన కుదరదు. చిలకని వేడిచేస్తే మళ్ళీ పాకమైపోతుంది, రబ్బరు అలా కాదు. రబ్బరంటే చెట్టుపాలు. పచ్చిగా ఉంటే ఎండకి జిగురైపోతుంది, చలికి బిగుసుకుపోతుంది. అందులో గంధకం కలిపి వేడిచేస్తే ఇక ఎండకీ చలికీ చెక్కుచెదరదని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. ఆయన అంత పట్టుదలగా దాని వెంటపడి ఉండకపోతే, మన బెజవాడ మే నెల ఎండకి నీ బొమ్మలన్నీ డబ్బాలోనే ముద్దయిపోయేవి.

ఇక నా తప్పు సంగతి. ఒకరోజు మామయ్య భోజనానికి వెళ్ళినప్పుడు, నేనే ఒక స్టాంపు చెయ్యాలని "విజయవాడ" అని అక్షరాలు పేర్చాను. వి, జ, య, వా, డ. నేను పుస్తకంలో చదివే వరసలోనే, అక్షరాల్ని నిలువుగా నిలబెట్టి పేర్చాను. సిరా పూసి కాగితం మీద కొడితే "డవాయజవి" అని పడింది! ఒక్కో అక్షరం సరిగ్గానే ఉంది, వరసే తారుమారు. ఏడుపొచ్చేసింది నాకు. మామయ్య వచ్చి చూసి ఏమీ అనలేదు. తన లావుపాటి నోటుపుస్తకం తెరిచి, ఆ కాగితాన్ని కత్తిరించి అంటించి, కింద తారీఖు వేశాడు.

ఆ పుస్తకం గురించి నీకు తప్పకుండా చెప్పాలి. చేసిన ప్రతి స్టాంపు మొదటి ముద్రా అందులో కొట్టేవాడు. హెడ్‌మాస్టరుగారిది, పాల సొసైటీది, డాక్టరుగారిది, పక్కనే ఏ బొమ్మలకొట్టు బిల్లుపుస్తకం కోసమో చేయించిన కొండపల్లి అంబారీ ఏనుగు. ఆ ఏనుగు స్టాంపు ఇంకోటి చేసి నాకిచ్చాడు. ఇప్పటికీ నా దగ్గరుంది, రబ్బరు గట్టిపడి అంచులు బీటలిచ్చాయి. పుస్తకంలోని ఏనుగు మాత్రం అలాగే ఉంది, కంటి దగ్గర చుక్కతో సహా. నువ్వు కూడా ఒక నోటుపుస్తకం పెట్టుకో తల్లీ. కొత్త బొమ్మ వచ్చిన రోజునే అందులో కొట్టి, ఎవరిచ్చారో, ఎక్కడ కొన్నావో రాసుకో. డబ్బాలో ఎన్ని ఉన్నాయన్నది పెద్ద విషయం కాదు. కొట్టని స్టాంపు మూగబొమ్మ.

నీ పేరుకి చిట్కా: పల్చటి కాగితం మీద మెత్తటి పెన్సిలుతో పేరు దట్టంగా రాసి, దాన్ని పెన్సిలు రబ్బరు మీద బోర్లించి, వెనక గోటితో రుద్దు. పేరు తిరగబడి రబ్బరుకి దిగుతుంది. ఆ గీతల్ని ఉంచి చుట్టూ చెక్కు. చెక్కేటప్పుడు నాన్న పక్కనుండాలి. మీలో ఎవరి పేరులోనైనా సున్నా ఉంటే దానికి టెన్షన్ లేదు, ఎటు తిప్పినా సున్నా సున్నాయే.

ఇంకోటి. నీ కార్డులో బొమ్మలన్నీ ఎడంఎడంగా నిలబడ్డాయి. కొలువులో అలా ఉండవు కదా, ఒకదాని భుజం వెనక ఒకటి కనిపిస్తుంది. మొన్న రాత్రి నా ఏనుగుతో చేసి చూశాను. ముందున్న ఏనుగుని మొదట కొట్టాలి. అదే ఏనుగుని వేరే చిత్తుకాగితం మీద కొట్టి, అంచు వెంబడి కత్తిరించి, మొదటి ఏనుగు మీద సరిగ్గా కప్పాలి. ఇప్పుడు కాస్త పక్కకి జరిపి రెండోది కొట్టి, కప్పిన కాగితం తీసెయ్యి. రెండో ఏనుగు బుద్ధిగా మొదటిదాని వెనక నిలబడుతుంది! ఇంట్లో కొలువు పెట్టేటప్పుడు వెనక మెట్టు నుంచి సర్దుకుంటూ వస్తాం. స్టాంపుల కొలువుకి ముందు మెట్టు నుంచి వెనక్కి వెళ్ళాలి. కింద పాత నోటుపుస్తకం పెట్టుకుని కొట్టు, ముద్ర నిండుగా పడుతుంది. ఊపకుండా నిటారుగా నొక్కి, నిటారుగానే తియ్యి.

ఒక మాట మిగిలింది. స్టాంపు ముద్రలాగే అద్దంలోనూ నీ కుడి ఎడమలు మారినట్టుంటాయి, మరి తలా కాళ్ళూ ఎందుకు మారవు? దీన్ని ఉత్తరంలో రాయాలని మూడుసార్లు కూర్చున్నాను, కాగితం మీద అందదు. నీళ్ళబొమ్మ స్టాంపుని అద్దం ముందు నిటారుగా పట్టుకుని చూడు. తర్వాత పక్కకి పడుకోబెట్టి చూడు. కుండ ఎటువైపుందో రెండుసార్లూ బొమ్మ గీసి నాకు పంపు.

మీ
తాతయ్య